డొంకకి తాళం

ఆ రోజు బసవమ్మ అనుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా గేదె పాలు పిండడం, పప్పులో తాలింపు వేయడం, పదింటికి న్యాయ శిబిరానికి వెళ్లి ఉచితంగా ఇస్తామన్న లాయరును తీసుకోవడం, పన్నెండింటికి ఇంటికొచ్చి అన్నం తినడం. లాయరును తీసుకోవడమంటే రేషను షాపులో పంచదార తెచ్చుకున్నట్టేనని ఆమె అనుకుంది. అందులో ఆమె తప్పేమీ లేదు. ముందురోజు ఆటోకి మైకు కట్టుకుని ఊరంతా తిరిగినవాడు అలాగే చెప్పాడు. "ఆడవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరు! అర్జీ పెట్టుకున్నవారికి అక్కడికక్కడే!" అని గొంతు చించుకున్నాడు.

ఆ లాయరు ఆమెకు ఎందుకు కావలసి వచ్చిందో చెప్పాలంటే అంకమ్మరావు గురించి చెప్పాలి. చెప్పాలంటేనే ఒళ్లు మండుతుంది, అయినా తప్పదు. ప్రత్తిపాడుకి ఐదు మైళ్ల దూరంలో ఉన్న వేములపర్రుకి ఆయన మాజీ సర్పంచి. తారురోడ్డు పక్కన పొలం కొన్నాడు. ఆ పొలం మధ్యలోంచి ఊరివాళ్లు ఎడ్లబండ్ల కాలం నుంచీ తిరుగుతున్న డొంక ఒకటి లోపలి పొలాలకు పోతుంది. సొంత పొలంలో పరాయివాళ్ల ట్రాక్టర్లు తిరుగుతుంటే చూడటానికి బాగాలేదని, అంకమ్మరావు ఒక శుభముహూర్తాన డొంక మొదట్లో రెండు గ్రానైటు స్తంభాలు పాతించి, ఇనుప గేటు పెట్టించి, అరచేయంత తాళం వేయించాడు. డొంక మొత్తం ఏదో తన పెరడైనట్టు.

డొంక చివర ఉన్నది బసవమ్మ, బుల్లయ్యల రెండున్నర ఎకరాల మిరప చేను. అది 2006వ సంవత్సరం, మార్చి నెల. కాయ కోత అయిపోయింది, కల్లంలో గలగలమని ఎండింది, అరవై టిక్కీ బస్తాలకు ఎత్తి కుట్లు కూడా వేశారు. ఇక ట్రాక్టరు లోపలికి రావాలి, టిక్కీలు గుంటూరు యార్డుకి చేరాలి. అప్పుడు పడింది తాళం. నెత్తిన మోయిద్దామంటే అవతలంతా మురుగు కాలవ, మోకాటిలోతు బురద. పన్నెండు రోజులుగా ఆ అరవై టిక్కీలు పట్టాల కింద పడున్నాయి, పైన రోజుకో రకం మబ్బు పడుతోంది. ఒక్క వాన పడిందంటే కాయకి బూజు పడుతుంది, ఎరుపు పోతుంది. యార్డులో అలాంటి కాయను వ్యాపారి చేత్తో కూడా ముట్టడు. ఏడాది కష్టం పోయినట్టే.

బుల్లయ్య ఈ పన్నెండు రోజులూ ఏమీ చేయలేదని కాదు. రోజూ వెళ్లి అంకమ్మరావును అడిగాడు. అంకమ్మరావు రోజూ కుర్చీ వేయించి, టీ ఇప్పించి, "డొంక ఉన్నట్టు కాగితం తీసుకురా బుల్లయ్యా, తాళం నీ చేతికే ఇస్తా," అన్నాడు. బుల్లయ్య రోజూ టీ తాగి వచ్చాడు. మండలాఫీసులో సర్వేయరు సెలవులో ఉన్నాడు. గుంటూరులో ఒక ప్లీడరు గారు అంతా విని, మూడేళ్లలో తేల్చేద్దామన్నాడు. మూడేళ్లు! మబ్బు మూడు రోజులు ఆగేలా లేదు.

"ఏమయ్యా, ఈ శిబిరం పెట్టించేది ఎవరో విన్నావా?" అంది బసవమ్మ తాలింపు గరిటె చేత్తో పట్టుకుని.

"విన్నానే. అంకమ్మరావే. ఆటో అతను చివర్లో చెప్పాడుగా, భోజనాలు కూడా ఆయనే పెడుతున్నాట్ట."

"సిగ్గూ ఎగ్గూ ఉండక్కర్లా మనిషికి? దారికి తాళమేసిన చేత్తోనే జడ్జిగారికి దండేస్తాడా?"

"జడ్పీటీసీకి నిలబడతాడంటన్నారు. పేపరోళ్లు కూడా వస్తారంట," అన్నాడు బుల్లయ్య. కోపం రావలసిన చోట కూడా ఆయనకు సమాచారమే వస్తుంది. ఆయన మంచి మనిషి. ఎవరేం అడిగినా కాదనలేని వాడు. అలాంటి మొగుడితో కాపురం చేసే మనిషికి కోపం రెండింతలు అవసరమవుతుంది, ఇద్దరి వంతూ ఆమే పడాలి కాబట్టి.

శిబిరం అంకమ్మరావు కొత్త గోడౌను ముందు వేశారు. ప్రభుత్వ బడి ఖాళీగానే ఉంది, కానీ బడి ముందు ఫొటో తీస్తే గోడౌను పడదు కదా. తారురోడ్డు నుంచి అక్కడికి పోవడానికి రెండే దార్లు. ఒకటి కాలవ మీది ఇరుకు కల్వర్టు, అది దిగేది గోడౌను ఆవరణలోకే కాబట్టి శిబిరం రోజు తప్ప అంకమ్మరావు ఎవర్నీ అటు రానివ్వడు. రెండోది గేటు పడిన డొంక. బసవమ్మ కల్వర్టు దాటి వెళ్లేసరికి షామియానాలో సగం కుర్చీలే వచ్చాయి. ఇంకో వ్యాను కుర్చీల కోసం వెళుతోంది. బల్ల ముందు కోర్టు గుమాస్తా లక్ష్మీనరసింహం గారు సెల్‌ఫోన్లో ఎవరినో బతిమాలుతున్నాడు.

"అదేంటమ్మా, నిన్నటిదాకా మొగుడి మీద కేసేస్తానన్నావుగా? ఏంటీ, రాజీ పడ్డారా? ఇప్పుడెక్కడున్నారు? సినిమా హాల్లోనా?" అని ఫోను పెట్టేసి నెత్తి కొట్టుకున్నాడు. ఆయన బాధ ఆయనది. జడ్జిగారు స్టేజీ మీద ఒక బాధిత మహిళకు లాయరును నియమించిన పత్రం ఇవ్వాలి, పేపరువాళ్లు ఫొటో తీయాలి. పత్రం సిద్ధంగా ఉంది, బాధితురాలే మొగుడితో కలిసి మార్నింగ్ షోకి పోయింది.

అలాంటి సమయంలో ఎదురుగా అర్జీ పట్టుకుని బసవమ్మ నిలబడింది.

"నీకు కేసుందా అమ్మా?" అన్నాడు లక్ష్మీనరసింహం, ఆశగా.

"ఉందండి."

"పెళ్లయిందా?"

"ఇరవై రెండేళ్లయిందండి."

"అమ్మయ్య," అన్నాడు ఆయన. "పేరు చెప్పు. పద, స్టేజీ మీద కూర్చుందువు గాని."

"బసవమ్మండి. అయ్యా, కేసు ఎవరి మీదంటే..."

"అవన్నీ జడ్జిగారు వచ్చాక చెప్పుకుందువు. ముందు కూర్చో తల్లీ."

ఈ దేశంలో మనకు సాయం చేయడానికి వచ్చినవాళ్లకు మన కష్టం వినే తీరిక మాత్రం ఎప్పుడూ ఉండదు. బసవమ్మను స్టేజీ మీద మూడో కుర్చీలో కూర్చోబెట్టారు. పక్క కుర్చీలో నల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి, ఎండకి చెమటలు కక్కుతూ కూర్చుని ఉంది. ఆమె పేరు శరణ్య. ఉచిత లాయర్ల జాబితాలో ఈమధ్యే పేరు చేరింది, ఇది ఆమెకు మొదటి శిబిరం.

"మీకు ఇవ్వబోయే లాయరును నేనేనండి. అర్జీ చూపిస్తారా?" అంది శరణ్య.

పొద్దుటి నుంచీ అర్జీ చదువుతానన్న మొదటి మనిషి ఆమే. శరణ్య మొదటి లైను చదివింది, రెండో లైను చదివింది, ప్రతివాది పేరు దగ్గర ఆగింది. తలెత్తి స్టేజీకి కట్టిన బ్యానరు చూసింది. బ్యానరు మీద జడ్జిగారి పేరు కంటే పెద్ద అక్షరాలతో అదే పేరు ఉంది.

"ఈ కాగితం ఇంకెవరికీ చూపించకండి," అంది నెమ్మదిగా. "మీ దగ్గరే ఉంచుకోండి. జడ్జిగారు అడిగినప్పుడే ఇవ్వండి."

ఇంతలో లక్ష్మీనరసింహం అంకమ్మరావు చెవిలో శుభవార్త ఊదాడు. మీ ఊరి మనిషే దొరికింది, పెళ్లయి ఇరవై రెండేళ్లయిందట, కేసుందట అని. అంకమ్మరావుకి ఇంకేం కావాలి? పట్టు చొక్కా సర్దుకుని మైకు అందుకున్నాడు. గోడౌను మీద నాలుగు వైపులకూ నాలుగు హారన్లు కట్టి ఉన్నాయి. ఆయన గొంతు ఊరవతల శ్మశానం దాకా వినిపించింది.

"ఊరి ప్రజలకు నమస్కారం! మన బుల్లయ్య భార్య బసవమ్మ, నాకు సొంత చెల్లెలి లాంటిది, ఇన్నాళ్లూ గుండెల్లో దాచుకున్న బాధను ఇవాళ ధైర్యంగా బయటపెట్టింది! ఆ చెల్లెమ్మను ఏడిపించినవాడు ఎంతటివాడైనా సరే, జడ్జిగారి ముందు నిలబెట్టి తలదించుకునేలా చేసేదాకా ఈ అంకమ్మరావు నిద్రపోడు!"

జనం చప్పట్లు కొట్టారు. బసవమ్మ లేవబోయింది, శరణ్య చెయ్యి పట్టి ఆపింది. కోపం ఎక్కువైతే మాట రాదని బసవమ్మకు ఆ రోజే తెలిసింది.

ఆ మాటలు హారన్ల మీదుగా వెళ్లి, పశువుల కొట్టంలో పేడ ఎత్తుతున్న బుల్లయ్య చెవిన పడ్డాయి. తట్ట కింద పడేసి వీధిలోకి వచ్చాడు. వీధి మొత్తం అప్పటికే అరుగుల మీదకు వచ్చి ఆయన్నే చూస్తోంది. గేటు ఎప్పుడు తీస్తారా అని పన్నెండు రోజులుగా ట్రాక్టరు పెట్టుకుని ఎదురుచూస్తున్న నాగూర్ వలి కూడా వాళ్లలో ఉన్నాడు.

"ఏం చేశావన్నా?" అన్నాడు వలి.

"అదేరా, గుర్తు రావట్లా." బుల్లయ్య కాసేపు ఆలోచించి, చిన్నగా అన్నాడు. "ఆమె పెంచుకునే పుంజుని మొన్న ఎరువుల షాపాయన బాగుందన్నాడని ఇచ్చేశా. నక్క ఎత్తుకుపోయిందని చెప్పా. తెలిసిపోయినట్టుంది."

"పుంజుకి కోర్టుకెక్కిందా!"

"నాకు పుంజే కదరా, తనకి అదంటే ప్రాణం. ట్రాక్టరు తియ్యి, జడ్జి రాకముందే కాళ్ల మీద పడతా."

ట్రాక్టరు బయలుదేరింది. రాజీ చేద్దామని కొందరు, చూద్దామని ఎక్కువమంది, మొత్తం పదిహేనుగురు ట్రక్కులోకి ఎక్కారు. నాగూర్ వలి ఆత్రంలో కల్వర్టు మీదకు తిప్పాడు. సరిగ్గా అప్పుడే అవతలి నుంచి కుర్చీలు దించి వస్తున్న వ్యాను ఎదురొచ్చింది. పక్కకి తీయబోతే ట్రక్కు వెనక చక్రం కల్వర్టు అంచు దిగి కాలవలోకి జారింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గాని, పదిహేనుగురు పెద్దమనుషులూ వరసగా బురదలో దిగబడ్డారు. ట్రాక్టరు ముందుకి రాదు, వెనక్కి పోదు. కల్వర్టు పూర్తిగా మూసుకుపోయింది.

సరిగ్గా అయిదు నిమిషాలకు తారురోడ్డు మీద జడ్జిగారి కారు ఆగి హారను మోగించింది.

కబురు అందగానే అంకమ్మరావు కాలవ గట్టు మీదుగా పరుగెత్తాడు. ఆయన వెనక లక్ష్మీనరసింహం, ఆయన వెనక శరణ్య. పేపరువాళ్లు ఎలాగూ పరుగెత్తుతారు. జడ్జిగారు కారు దిగి, బురదలో ఉన్న మనుషుల్ని కళ్లజోడు సవరించుకుని మరీ చూశారు.

"ఇంకో దారి లేదా?" అన్నారు.

"ఉందండి సార్, ఇదిగో!" అంకమ్మరావు గేటు వైపు చెయ్యి చూపించాడు.

"గేటుంది, తాళం ఉంది. ఎవరి పొలమండీ అది?"

"మనదేనండి సార్!"

"మీ సొంత పొలమా? అయితే నేను రాను. జడ్జి ఒక ప్రైవేటు మనిషి గేటు తీయించుకుని పొలంలో కారు నడిపించుకున్నాడని రేపు నా మీదే అర్జీ పెడతారు. ఈ శిబిరం వచ్చే నెలకు వాయిదా వేద్దాం." ఆయన కారు తలుపు తెరిచారు.

అంకమ్మరావు కారు తలుపుకి అడ్డం పడ్డాడు. మూడువందల మందికి వంట అవుతోంది. పేపరువాళ్లు వచ్చారు. నియోజకవర్గం నుంచి పార్టీ పెద్ద ఒకాయన పన్నెండింటికి వస్తానన్నాడు.

"అయ్యయ్యో, నా పొలం కాదండి సార్! సర్కారు డొంకండి ఇది! మా తాతల నాటి నుంచీ ఊరందరూ బండ్లు తోలుకునే దారి. గొడ్లు పడి చేలు తినేస్తన్నాయని కాపలాకి గేటు పెట్టించానంతే. ఎవురొచ్చినా తీస్తాం!"

"రికార్డులో డొంకేనా?"

"గ్రామ పటంలో గీత కూడా ఉందండి సార్! నా దగ్గర నకలు కూడా ఉంది!"

పన్నెండు రోజులు. పన్నెండు రోజులపాటు టీ తాగించి, కాగితం తెమ్మని పంపించిన మనిషి దగ్గర నకలు ఉంది. అప్పుడు బుల్లయ్య బురదలోనే ఉన్నాడు, ఆ మాట ఆయన విన్నాడు కూడా. కానీ ఆయన మనసంతా పుంజు మీదే ఉంది.

శరణ్య ముందుకొచ్చింది. "మీరు చెప్పిన ఆ మాట ఒక ముక్క రాసిస్తారాండీ? సార్‌కి కూడా ఇబ్బంది ఉండదు," అంది ఎంతో వినయంగా.

"ఒక ముక్కేంటమ్మా, పది రాసిస్తా!" అంకమ్మరావు కారు బానెట్టు మీదే కాగితం పెట్టి, ఇది ఊరి ఉమ్మడి డొంక అనీ, దీనిమీద తనకు ఎలాంటి హక్కూ లేదనీ రాసి, తేదీ వేసి సంతకం పెట్టాడు. తొందరలో ఆయన అంత అందంగా రాయడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. లక్ష్మీనరసింహం సాక్షి సంతకం చేశాడు. తాళంచెవి అంకమ్మరావు భార్య మొలనున్న గుత్తిలో ఉంది, ఆమె ఒంగోలులో పెళ్లికి వెళ్లింది. దాంతో గడ్డపలుగు తెప్పించి, కూలివాళ్లను నమ్మక, ఆయనే స్వయంగా తాళం పగలగొట్టాడు. పట్టు చొక్కా చంకలో చిరిగింది. కారు పోవడానికి ఇరుగ్గా ఉందని స్తంభాలు కూడా పీకించాడు. పేపరువాళ్లు ఫొటోలు తీశారు.

జడ్జిగారి కారు డొంక మీదుగా, దుమ్ము లేపుకుంటూ, శిబిరానికి చేరింది. దాని వెనకే బురద కాళ్లతో పదిహేనుగురూ చేరారు. జ్యోతి ప్రజ్వలన అయింది. ఇక బాధితురాలికి పత్రం ఇవ్వాలి. జడ్జిగారు లేచి నిలబడగానే, బుల్లయ్య జనాన్ని తోసుకుని స్టేజీ ఎక్కి భార్య ముందు దబ్బున కూలబడ్డాడు.

"బసవా, తప్పయిపోయిందే! నక్క ఎత్తుకుపోలేదు, నేనే ఇచ్చేశా! అంతకంటే మంచి పుంజుని కొనిస్తా, కేసు ఎనక్కి తీసుకోవే!"

మైకు పక్కనే, అంకమ్మరావు చేతిలో ఉంది. ఊరంతా విన్నది.

"ప్రతివాది ఈయనేనామ్మా?" అన్నారు జడ్జిగారు.

"ఈయనెందుకవుతాడండీ? ఈయన నా మొగుడు!" అంది బసవమ్మ. పొద్దుటి నుంచీ ఆగిన గొంతు అప్పుడు పెగిలింది. "పుంజు సంగతి ఇంటికి పోయాక చూసుకుంటా. నా కేసు అదిగో, ఆ మైకు పట్టుకున్నాయన మీదండి!"

అంకమ్మరావు మైకును వేడి గిన్నె వదిలినట్టు వదిలేశాడు. బసవమ్మ అర్జీ ఇచ్చింది. జడ్జిగారు నిలబడే చదివారు.

"ఏ డొంకమ్మా ఇది?"

"తమరు కారేసుకొచ్చిందేనండి. తమరికి పావుగంటలో తీశారు. మాకు పన్నెండు రోజులైందండి. ఏడాదంతా చంటిపిల్లని సాకినట్టు సాకిన కాయండి అది. రాత్రి గాలొస్తే లేచి కూర్చుంటన్నాం, ఉరిమితే నాకు గుండె ఆగిపోతంది. మేమేం బిచ్చమడిగామా? మా కాయ మా ఇంటికి తెచ్చుకోటానికి దారడిగామంతే. తమరి కారుకి ఉన్న విలువ మా కాయకి లేకపోయిందా అయ్యా?"

వంటవాళ్లు సైతం గరిటెలు ఆపారు. శరణ్య లేచి, బానెట్టు మీద రాసిన కాగితాన్ని జడ్జిగారి చేతికి ఇచ్చింది. ఆమె వాదించవలసింది ఇంకేమీ మిగల్లేదు.

"ఈ సంతకం మీదేనా?" అన్నారు జడ్జిగారు.

అంకమ్మరావు పేపరువాళ్లను చూశాడు. అప్పుడే వచ్చి ముందు వరసలో కూర్చున్న పార్టీ పెద్దను చూశాడు. "నాదేనండి సార్. చెల్లెమ్మ అడగ్గానే తీసేవాణ్ణి. అడగలేదండి," అన్నాడు.

"నేను రోజూ వచ్చి అడిగాగా అన్నా," అన్నాడు బుల్లయ్య అమాయకంగా. ఆ మాటా మైకులో పడింది.

ఇద్దరి సమ్మతితో అక్కడికక్కడే రాజీ రాశారు. లోక్ అదాలత్ తీర్పు కిందే దాన్ని నమోదు చేస్తున్నాననీ, దీనిమీద అప్పీలు ఉండదనీ జడ్జిగారు మరీ మరీ చెప్పారు. అప్పుడే పడమట ఉరిమింది. బసవమ్మ చేను వైపు తిరిగి చూసింది. నాగూర్ వలి ట్రాక్టరు ఇంకా కాలవలోనే ఉంది.

"మరి ఆ కాయ ఎలా వస్తుంది?" అన్నారు జడ్జిగారు, అంకమ్మరావు వైపే చూస్తూ.

ఆయన చూపు అటు, కెమెరాల చూపు ఇటు. మధ్యలో అంకమ్మరావు చిరిగిన చంకను చేత్తో మూసుకుని, "నా ట్రాక్టరు ఉందిగా సార్," అన్నాడు.

మూడువందల మందీ భోజనాలు మానేసి డొంకలో పరుగులు పెట్టారు. అరవై టిక్కీలూ రెండు తడవల్లో వచ్చాయి. చివరి టిక్కీ దించేసరికి వాన అందుకుంది, దాంతో వాటిని అంకమ్మరావు గోడౌనులోనే పెట్టాల్సి వచ్చింది. ఒక్క కాయ తడవలేదు. బసవమ్మ గోడౌను గుమ్మంలో నిలబడి, ఆ వానను చూస్తూ కాసేపు ఏడ్చింది. శరణ్య ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

మర్నాడు పేపర్లో గడ్డపలుగుతో తాళం పగలగొడుతున్న అంకమ్మరావు ఫొటో వచ్చింది. 'రైతు కోసం స్వయంగా గేటు పగలగొట్టిన ఉదారుడు' అని పెద్దక్షరాలు. సొంత గోడౌను ఇచ్చాడనీ, సొంత ట్రాక్టరు పంపాడనీ కింద నాలుగు పేరాలు. బసవమ్మ పేరు ఎక్కడా లేదు, 'ఒక మహిళా రైతు' అని ఉంది. ఆమె ఆ పేపరు పట్టుకుని తిన్నగా గుంటూరు వెళ్లి, శరణ్య బల్ల మీద పరిచింది.

"లాయరమ్మా, దీనిమీద కూడా ఉచితంగా కేసెయ్యొచ్చా?"

శరణ్య చదివి, నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడింది. "వేయొచ్చుగాని అమ్మా, మీకు కావల్సిన దారి వచ్చిందిగా," అంది. బసవమ్మ ఆ మాటకు సమాధానపడలేదు. సమాధానపడాల్సిన అవసరం కూడా ఏమీ కనపడదు.

నాలుగు నెలల తర్వాత అంకమ్మరావు జడ్పీటీసీగా గెలిచాడు. గెలిచిన వారానికి డొంక మొదట్లో 'అంకమ్మరావు గారి సౌజన్యంతో ప్రజా రహదారి' అని నీలంరంగు బోర్డు వెలిసింది. బసవమ్మ పొలం నుంచి వస్తూ దాన్ని చూసి, ఎవడు మేకులు కొట్టాడో వాడి చేతులు విరగ్గొడతానని ఊరు దద్దరిల్లేలా అరిచింది.

బోర్డు చాటున ఉన్న బుల్లయ్య చేతిలోని సుత్తిని నెమ్మదిగా వీపు వెనక దాచుకున్నాడు.